మిలిటరీ ఇంజను, మద్రాసు ఫోర్కు, శివాజీనగర్ ట్యాంకు

మా ఇంట్లో ఉన్న మోటారుసైకిల్‌కి కంపెనీ పేరంటూ ఒకటి లేదు. ఆర్సీలో బీఎస్ఏ అని రాసుంది కానీ అది సగం నిజమే. ఇంజను, గేరుబాక్సు, ఫ్రేము బర్మింగ్‌హామ్‌ నుంచి వచ్చినవి. ముందు ఫోర్కు మద్రాసు తిరువొత్తియూరులో తయారైన ఎన్‌ఫీల్డుది. పెట్రోలు ట్యాంకు శివాజీనగర్‌లో రేకుపని చేసే ఒక సాయిబు సుత్తితో కొట్టి ఇచ్చింది. కార్బురేటరు మా చిన్నాయన 1980లలో బుల్లెట్టుది తెచ్చి బిగించింది. వీటన్నిటినీ కలిపి ఒక బండిగా నిలబెట్టినవాడు మా తాత. 1959లో రోడ్డెక్కింది, 1987లో షెడ్డులోకి వెళ్ళింది, 2024లో మళ్ళీ పేలింది. పేలింది అంటే మా ఇంట్లో స్టార్టయింది అని అర్థం, కంగారు పడకండి.

ఇప్పుడు ఇలాంటివాటిని కస్టమ్ బైకులంటున్నారు. మన ఊళ్ళోనే బుల్లెట్లను విప్పి కొత్త రూపాలిచ్చే షాపులు చాలా ఉన్నాయి, చూడముచ్చటగా చేస్తారు కూడా. తాత కాలంలో ఆ మాట లేదు. "అసెంబుల్డ్ బండి" అనేవాళ్ళు, అదీ కాస్త చిన్నచూపుతోనే. కంపెనీ బండి కొనే తాహతు లేనివాడి బండి అని దాని అర్థం. అప్పట్లో బెంగళూరులో ఇలాంటి బండ్లు ఎందుకు పుట్టాయో తెలియకపోతే మా బండిని బాగుచేయడంలో వచ్చిన తగాదా అర్థం కాదు. అందుకే కాస్త వెనక్కి వెళ్దాం.

తాత మదనపల్లె దగ్గరి పల్లె నుంచి 1951లో ఈ ఊరొచ్చాడు. ఊరంటే అప్పటికి కొత్తగా కలిసిన రెండు ఊళ్ళు. పేట ఒకవైపు, దండు ఒకవైపు. దండు, అంటే కంటోన్మెంటు, 1949 దాకా వేరే పాలన. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ 1940లోనే మొదలైంది. యుద్ధకాలంలో అమెరికా విమానాలకు ఇక్కడే మరమ్మతులు జరిగాయి. తర్వాత వరసగా 1948లో ఐటీఐ, 1953లో హెచ్‌ఎంటీ, 1954లో బీఈఎల్. చిత్తూరు, అనంతపురం, కోలారు వైపుల నుంచి మనవాళ్ళు గుంపులుగా వచ్చి టర్నర్లు, ఫిట్టర్లు, మిల్లర్లు అయ్యారు. తాత టర్నరు. బెంగళూరు తెలుగువాళ్ళంటే బట్టల వ్యాపారమనీ, తర్వాత ఐటీ అనీ అందరూ రాస్తారు. మధ్యలో లేత్ మిషను దగ్గర నిలబడి ముప్ఫై ఏళ్ళు గడిపిన తరం గురించి రాసేవాళ్ళు తక్కువ. మా బ్లాగులో ఆ లోటు కొంతైనా తీరుద్దామని మా ఆశ.

చేతిలో పని ఉంది, జేబులో డబ్బు లేదు, కొందామంటే బండి లేదు. 1955లో మద్రాసు మోటార్స్‌ వాళ్ళు ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. సైన్యానికి బుల్లెట్లు కావలసి రావడం దాని వెనకున్న పెద్ద కారణం. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో గాని రాలేదు. ఈలోగా 1957లో విదేశీ మారకం కొరత వచ్చి, దిగుమతుల మీద పట్టు మరీ బిగిసింది. ఫ్యాక్టరీ కూలీకి మిగిలిన దారులు మూడు: సైకిలు, బస్సు, డిస్పోజల్.

డిస్పోజల్ అన్న మాట పాతవాళ్ళకు బాగా తెలుసు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని సామాను వేలం వేశారు. లారీలు, జీపులు, గుడారాలు, దుప్పట్లు, మోటారుసైకిళ్ళు. దక్షిణాదిన బెంగళూరు పెద్ద సైనిక స్థావరం గనుక ఇక్కడి గుజిరీ అంగళ్ళు ఏళ్ళ తరబడి ఆ సరుకు మీదే బతికాయి. డిస్పోజల్ లారీల ఛాసీల మీద చెక్క బాడీ కట్టి బస్సులు నడిపారు. మోటారుసైకిళ్ళలో నార్టన్ 16హెచ్, మ్యాచ్‌లెస్, ఏరియల్, బీఎస్ఏ ఎం20 వచ్చేవి.

ఈ ఎం20 గురించి కాస్త చెప్పాలి. యుద్ధంలో సుమారు 1,26,000 బండ్లు చేశారట. 496 సీసీ, ఒకే సిలిండరు, 13 హార్స్‌పవర్. ఈ రోజు 125 సీసీ బండ్లలో కొన్నిటికి అంతకంటే ఎక్కువ ఉంటుంది. వాల్వులు ఇంజను తల మీద కాకుండా సిలిండరు పక్కన ఉంటాయి. దీన్ని సైడ్ వాల్వ్ అంటారు. కంప్రెషన్ ఐదుకి ఒకటి కూడా లేదు. ఇది చేతకాక చేసిన పని కాదు. యుద్ధంలో దొరికే నాసిరకం పెట్రోలు తాగినా నడవాలి, కొత్తగా చేరిన సిపాయి కూడా విప్పి బిగించగలగాలి. వేగం, అందం ఎవరూ అడగలేదు. 165 కిలోలు దాటే బరువు, వెనక స్ప్రింగు లేని ఫ్రేము. అవ్వ ఆ బండి మీద హొసకోట, చింతామణి మీదుగా మదనపల్లెకు ఏడాదికి రెండుసార్లు వెళ్ళింది. "నడుం సంగతి అడగద్దండి, ఇంజను మాత్రం ఎప్పుడూ మోసం చేయలే" అనేది.

తాత దొరికించుకున్నది నిండు బండి కాదు. ఇంజను, గేరుబాక్సు, వంగిన ఫ్రేము, ఒక చక్రం. ఇంజను మీద డబ్ల్యూ ఎం 20 అన్న అక్షరాలు ఇప్పటికీ చదవచ్చు. డబ్ల్యూ ఎం అంటే సైన్యం కోసం చేసిన బండి అని గుర్తు. ఫ్యాక్టరీ షిఫ్టు అయ్యాక కలాసిపాళ్యం వైపు ఒక చిన్న లేత్ షాపులో సాయంత్రాలు పనిచేసి, కూలి బదులు మిషను మీద సమయం తీసుకునేవాడట. పద్నాలుగు నెలలు పట్టిందని అవ్వ లెక్క. ఆవిడ లెక్కకి ఆధారం ఉంది: మొదలుపెట్టినప్పుడు మా పెదనాయన ఆవిడ కడుపులో ఉన్నాడు, పూర్తయ్యేసరికి నడుస్తున్నాడు.

అదే కాలంలో ఇంగ్లండులో కుర్రాళ్ళు నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజను పెట్టి ట్రైటన్ అని పేరుపెట్టుకున్నారు. న్యూజిలాండులో ఇన్వర్‌కార్గిల్ ఊళ్ళో బర్ట్ మన్రో అనే పెద్దాయన 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండికి తన షెడ్డులోనే పిస్టన్లు పోతపోసుకుని, 1967లో, 68 ఏళ్ళ వయసులో, అమెరికా ఉప్పు మైదానం మీద గంటకు దాదాపు 184 మైళ్ళ రికార్డు కొట్టాడు. మన దగ్గరా మద్రాసు పక్కన షోలవరం పాత విమానాల రన్‌వే మీద ఇంట్లో తయారుచేసుకున్న బండ్లు పరుగెత్తేవి. వాళ్ళది వేగం కోసం పడ్డ తపన. మా తాతది ఉదయం ఏడింటి షిఫ్టుకి చేరాలన్న తపన. చేతిపని మాత్రం ఒకటే జాతిది అంటాం మేము.

ఇక బాగుచేయడం.

2022లో షెడ్డు తెరిచి చూస్తే టైర్లు నేలకు అతుక్కుపోయాయి, కిక్ రాడ్డు కదల్లేదు. అందరికంటే ముందు దొరికిన మంచి వార్త టైర్లే. ఎం20కీ, పాత బుల్లెట్టుకీ చక్రం కొలత ఒకటే, 19 అంగుళాలు. 3.25 టైరు ఈ రోజుకీ జేసీ రోడ్డులో అడిగితే ఇస్తారు. ఎనభై ఏళ్ళ బండికి కొత్త టైరు అంత సులువుగా దొరకడం బుల్లెట్టు మనకి చేసిన మేలు.

ఇంజనులో నూనె సంగతి వేరు. ఈ బండికి నూనె విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. పంపు దాన్ని ఇంజనులోకి పంపి, మళ్ళీ వెనక్కి లాగుతుంది. మధ్యలో ఒక చిన్న గోళీ వాల్వు. బండి కదలకుండా నిలబడితే ఆ గోళీ పక్కనుంచి నూనె బొట్టుబొట్టుగా కిందికి జారి క్రాంక్‌కేసు నిండిపోతుంది. ముప్ఫై ఐదేళ్ళలో ట్యాంకంతా దిగిపోయింది. కింది బోల్టు విప్పితే వచ్చింది నూనె కాదు, చింతపండు పులుసు గుజ్జు లాంటిది. అయితే ఆ గుజ్జే క్రాంకుని, బేరింగుల్ని తుప్పు పట్టకుండా కాపాడింది. పైన సిలిండరులో పిస్టను రింగులు మాత్రం తుప్పుతో పట్టేశాయి. హెడ్డు విప్పి, గేరు నూనె, థిన్నరు కలిపి పోసి పదకొండు రోజులు వదిలేశాం. తర్వాత పై గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపితే కదిలింది. సుత్తి ముట్టలేదు. హెడ్డు కింది రాగి గ్యాస్కెట్టుని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడి మళ్ళీ పనికొస్తుంది. ఇది తాత చిన్నాయనకి నేర్పాడు, చిన్నాయన మాకు నేర్పాడు.

అసలు పరీక్ష మాగ్నెటో దగ్గర వచ్చింది. బ్యాటరీ లేకుండా తన కరెంటు తనే పుట్టించుకునే లూకాస్ మాగ్‌డైనో ఇది. అయస్కాంతాల నడుమ ఆర్మేచరు తిరుగుతుంది, పాయింట్లు తెరుచుకున్న క్షణంలో వేల వోల్టుల నిప్పురవ్వ ప్లగ్గులో పుడుతుంది. పాయింట్ల సందు అంగుళంలో వెయ్యికి 12 వంతులు. సందు సరిచేశాం, తుడిచాం, రవ్వ వచ్చింది. 2023 చివర్లో ఇంజను మొదటిసారి పేలింది. వీధి వీధంతా వచ్చింది. సరిగ్గా పన్నెండు నిమిషాలు నడిచి ఆగింది. గంట చల్లారాక మళ్ళీ స్టార్టయింది, మళ్ళీ పన్నెండు నిమిషాలు. పెట్రోలే అడ్డుపడుతోందని ఒకరు, వాల్వు బిగుసుకుందని ఒకరు. చిన్నాయన మాత్రం ప్లగ్గు తీసి చూసి "వేడికి కండెన్సరు చచ్చిపోతాండాదిరా" అన్నాడు. ఆర్మేచరు లోపల ఉండే ఆ కండెన్సరు పాయింట్ల దగ్గర కరెంటు ఎగిరిపోకుండా పట్టుకోవాలి. వయసైపోతే చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, ఇంజను వేడి తగలగానే చేతులెత్తేస్తుంది. చుట్టలకు పూసిన లక్క కూడా మెత్తబడి జిగురుగా కారుతోంది.

బెంగళూరులో పంపుసెట్టు మోటార్లు చుట్టేవాళ్ళు వీధికొకరు. మాగ్నెటో చుట్టేవాళ్ళు వేరు. వెంట్రుకంత సన్నని తీగ వేల చుట్లు, ఒక్కచోట తెగినా మొదటికే. ఒక వర్క్‌షాపు వాళ్ళు (పేరు అనవసరం) "ఇదంతా ఎందుకు సార్, ఎలక్ట్రానిక్ కిట్ పెట్టేద్దాం" అన్నారు. అక్కడితో ఆగక, పాత బోల్టులన్నీ తీసేసి మెరిసే స్టీలు అలెన్ బోల్టులు వేస్తామని, ఇంజను పైభాగం బఫింగ్ పడతామని, అరగదీయడానికి మిషను కూడా తీశారు. డబ్ల్యూ ఎం అక్షరాలు ఉన్నది సరిగ్గా అక్కడే. బండిని అదే సాయంత్రం టెంపోలో వేసుకుని ఇంటికి తెచ్చాం. చివరికి ఒక రిటైరైన వైండరు గారు ఓపిగ్గా ఇంట్లోనే చుట్టిచ్చారు, అయస్కాంతాలకు మళ్ళీ బలం పట్టించారు, కొత్తరకం కండెన్సరు పెట్టారు. మూడు నెలలు పట్టింది. 2024 ఫిబ్రవరి నుంచి ఎంతసేపు నడిపినా ఆగలేదు.

ఆ బోల్టుల మాట ఎందుకు అంత పట్టింపు అంటారా, చెబుతాం. విప్పేటప్పుడు ప్రతి బోల్టునీ థ్రెడ్ గేజితో కొలిచి నోటుబుక్కులో రాశాం. ఇంగ్లండు ఫ్యాక్టరీ వేసినవి చాలావరకు సైకిల్ థ్రెడ్డు, అంగుళానికి 26 చుట్లు. తాత మొదట్లో వేసినవి విట్‌వర్త్, అప్పటి హార్డ్‌వేర్ అంగళ్ళలో అవే దొరికేవి. ఆ తర్వాతవి మెట్రిక్. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, 1960ల మొదటికి అంగళ్ళదాకా దిగింది. అంటే బోల్టు పట్టుకుంటే అది ఏ కాలంలో పడిందో సుమారుగా చెప్పచ్చు. రాతికి శాసనం ఎలాగో ఈ బండికి థ్రెడ్లు అలాగ.

దీంతో మా ఇంట్లో ఒక పాత వాదం కూడా తేలింది. ఎన్‌ఫీల్డు ఫోర్కు మొదటినుంచీ ఉందని చిన్నాయన, కాదు, చింతామణి దగ్గర ఎద్దులబండికి తగిలి పాత ఫోర్కు వంగిపోయాక వేశాడని అవ్వ. చిన్నాయన పుట్టింది 1966లో, ఆయన చూసింది ఈ ఫోర్కునే. విప్పి చూస్తే ట్యాంకు బోల్టులు విట్‌వర్త్, ఫోర్కుని పట్టుకున్న బిగింపులు, మడ్‌గార్డు కడ్డీలు మెట్రిక్. ఫ్రేము మెడలో పాత ఫోర్కు గిన్నెల గుర్తులు కూడా ఉన్నాయి, వాటి మీద తాత లేత్ మీద కోసిన కొత్త గిన్నెలు. అవ్వ మాటే నిజం. వినడానికి ఆవిడ లేదు. చిన్నాయన ఆ రోజు అన్నం తినేటప్పుడు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు తగాదా దగ్గరికి వద్దాం. బండి నడుస్తోంది, కానీ రోడ్డు మీదికి తీసుకెళ్ళడానికి లేదు. ఆర్సీ తాత పేరునే ఉంది, గడువు తీరి దశాబ్దాలైంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు కొత్త నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన రెండు, నాలుగు చక్రాల బండ్లకు వీఏ అన్న అక్షరాలతో ప్రత్యేక నంబరు, రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళ చెల్లుబాటు. రోజువారీ వాడకానికి కాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ లాంటివాటికే. మంచి నియమమే. అదే ఏడు ఆగస్టులో పాత బండ్ల తుక్కు విధానం మొదలైంది కాబట్టి ఈ రక్షణ అవసరం కూడా. కానీ ఒక షరతుంది: బండి తన అసలు రూపంలో ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మారి ఉండకూడదు. అసలు రూపం అంటే కంపెనీ ఇచ్చిన రూపం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఎటూ ఉంది, కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదని. 2019లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది కూడా. రోడ్డు భద్రత దృష్టితో చూస్తే ఆ మాటలో న్యాయముంది, మేము కాదనం.

పెదనాయన లెక్క చాలా సూటిగా ఉంది. ఎం20కి విడిభాగాలు ఇంగ్లండులో ఇప్పటికీ దొరుకుతాయి. పాత గర్డర్ ఫోర్కు, ఫ్యాక్టరీ ట్యాంకు, ఆమల్ కార్బురేటరు తెప్పించి, మిలిటరీ ఆకుపచ్చ రంగు కొట్టిస్తే 1941 నాటి బండి అచ్చంగా నిలబడుతుంది. నంబరు వస్తుంది, కర్ణాటకలో ఏ వింటేజ్ ర్యాలీకైనా పోవచ్చు, విలువా పెరుగుతుంది. "నాయన బండిని రోడ్డు మీద చూడాలని నాకుండదా?" అన్నాడు. అందులో ఆశ తప్ప దురాశ లేదు. ఆయనకి ఇప్పుడు 66 ఏళ్ళు, మొదటి మదనపల్లె ప్రయాణంలో ట్యాంకు మీద కూర్చున్నది ఆయనే.

చిన్నాయన జవాబు ఒక్క మాటే. "ఆ ట్యాంకు తీసేసినాక అది ఎవరి బండి?"

మేము చాలా రోజులు రెండువైపులా ఆలోచించాం. ఒక బర్మింగ్‌హామ్ సిపాయి బండి ఎలా ఉండేదో చూడాలంటే ఇంగ్లండు మ్యూజియంలలో ఉన్నాయి. లక్షకు పైగా చేశారు, వాటి బొమ్మలున్నాయి, పుస్తకాలున్నాయి. బెంగళూరులో ఒక టర్నరు 1959లో ఏం దొరికితే దానితో ఎలా బండి చేశాడో చూపేది ఇదొక్కటే మా ఎరికలో. ఇలాంటివి ఈ ఊళ్ళో ఎన్నో ఉండి ఉండాలి. కొన్ని తుక్కుకు పోయుంటాయి. మిగిలినవి "ఒరిజినల్"గా మారిపోయి, వాటిని చేసిన చేతులు కనపడకుండా పోయుంటాయి. నంబరు కోసం తాత పనిని విప్పి అటకెక్కించడానికి మాకు మనసొప్పలేదు. పెదనాయన ఒప్పుకున్నాడని చెప్పలేం గాని, ఇంగ్లండు నుంచి తెప్పించాల్సిన సామాను జాబితా మడిచి బీరువాలో పెట్టుకున్నాడు.

ప్రస్తుతానికి వారసుల పేరుకి ఆర్సీ మార్పించే కాగితాల పని సాగుతోంది. 1939 చట్టం నాటి రోజుల్లో మార్పు చేసి రిజిస్ట్రేషను కచేరీకి తెలిపితే రాసుకునేవాళ్ళు. తాత ఫోర్కు మార్చినప్పుడు అలా ఏమైనా రాయించాడేమో అని పాత ట్రంకుపెట్టెలో వెతుకుతున్నాం. ఒక్క కాగితం దొరికినా మా వాదనకు బలం వస్తుంది. ఇప్పటిదాకా దొరికినవి రెండు టోలు చీటీలు, ఒక టైరు బిల్లు.

ఈలోగా నెలకు రెండు ఆదివారాలు కాంపౌండులోనే ఇరవై నిమిషాలు నడుపుతాం. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుని 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరు సభలోనే విడుదల చేశారు, గుర్తుందా? ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, సాయిబు అతికిన రేకు ట్యాంకుకి అది మంచిది కాదు. అందుకని ప్రతిసారీ లీటరు పోసి, ఆపాక మిగిలింది ఒంపేస్తాం. నూనె గోళీ వాల్వు ఇంకా కారుతూనే ఉంది కాబట్టి స్టార్టు చేసేముందు కింద బోల్టు విప్పి చూడడం తప్పదు. డైనమో ఇంకా చార్జి చేయడం లేదు, హెడ్‌లైటు వెలగదు. బ్రష్షులు అరిగిపోయాయా, వైండింగు పోయిందా అనేది వచ్చే వారం వైండరు గారు వచ్చి చూస్తామన్నారు.